తాళం చెవి ఎవరి దగ్గరుంది?

మా వైపు పల్లెల్లో కమ్యూనిటీ హాలు లేని ఊరు అరుదుగా కనిపిస్తుంది. పాకాల నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరు దాకా వెళ్లినా, చంద్రగిరి నుంచి రామచంద్రాపురం వైపు తిరిగినా, ఊరి మొదట్లోనో బడి పక్కనో రంగు వెలిసిన ఒక శ్లాబు కట్టడం, దాని గోడకు నల్లరాతి శిలాఫలకం, తలుపుకు తాళం కనిపిస్తాయి. పల్లెల్లో ఉమ్మడి భవనాల మాట వచ్చినప్పుడల్లా ఎక్కువ మంది కొత్త హాలు మంజూరు కావాలని, నిధులు రావాలని కోరుకుంటారు. నాకు మాత్రం అంతకంటే ముందు జరగవలసినవి రెండు ఉన్నాయనిపిస్తుంది: ఉన్న హాలును బాగుచేసుకోవడం, దాని తాళం చెవి ఎవరి చేతిలో ఉండాలో ఊరంతా కూర్చుని తేల్చుకోవడం. ఈ టపా ఆ రెండింటి గురించే.

ఊరంతా ఒకచోట కూడడం మా ప్రాంతానికి కొత్త కాదు. చావిడి, రచ్చబండ, గంగమ్మ గుడి ముందర మాను చుట్టూ కట్టిన తిన్నె, ధనుర్మాసంలో తెల్లవారుజామునే తాళాల చప్పుడు వినిపించే భజన గుడి, ఇవన్నీ ఒక్కొక్క అవసరానికి పుట్టిన చోట్లు. వీటన్నిటికంటే పెద్ద కూడిక మహాభారత ఉత్సవాలది. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం వచ్చిందంటే చాలాచోట్ల 18 రోజులపాటు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం జరుగుతాయి. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ తపస్సు మాను ఎక్కుతుంటే, పైనుంచి అతడు విసిరే నిమ్మకాయల కోసం కింద జనం కొంగులు పట్టుకుని నిలబడతారు. చివరి రోజు మిట్ట మీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి దగ్గర వధ ఘట్టం ఆడి, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. ఇంత పెద్ద ఉత్సవాన్ని పల్లెలు తమ చేతుల మీదుగా నడుపుకుంటున్నాయి. ఏ రోజు ఖర్చు ఎవరిది, నాటకం వాళ్లకు భోజనం ఏ వీధి వంతు, నీళ్లు ఎవరు తోలాలి అన్నవి తరాలుగా కుదిరిన ఏర్పాట్లు. కాబట్టి మన పల్లెలకు ఉమ్మడి ఆస్తిని నడుపుకోవడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ఆ పాత చోట్లలో ఒక పెద్ద లోటు ఉంది. రచ్చబండ మీద ఆడవాళ్లు కూర్చునేవారు కారు. చావిడి అరుగు మీద దళితవాడ మనిషి కూర్చుంటే ఊరు ఊరుకునేది కాదు. గుడి ముందర జరిగే పంచాయితీలో కొందరు నిలబడి చెప్పుకోవలసిందే తప్ప కూర్చుని మాట్లాడే వీలుండేది కాదు. ప్రభుత్వ సొమ్ముతో హాలు కట్టడం మొదలయ్యాక, అందరికీ చట్టప్రకారం సమానమైన హక్కున్న కప్పు మన పల్లెలకు మొదటిసారి వచ్చింది. ప్రభుత్వ నిధులతో పూర్తిగా గానీ కొంతగా గానీ నిర్వహించే బహిరంగ స్థలాల వాడకంలో కులాన్ని బట్టి ఎవరినీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణం రెండవ క్లాజు స్పష్టంగా చెబుతోంది. కమ్యూనిటీ హాలు విలువ నా దృష్టిలో ఇక్కడ ఉంది. పెళ్లికి పందిరి వేసుకోవచ్చు, వంటకు షామియానా తెచ్చుకోవచ్చు; ఊరిలో ఏ వీధి వాళ్లయినా అడగకుండా వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చోగలిగే చోటును మాత్రం అద్దెకు తెచ్చుకోలేము. అలాంటి చోటుకు తాళం పడితే పోయేది భవనం ఒక్కటే కాదు.

ఈ హాళ్లు చాలా దారుల్లో వచ్చాయి. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కాలంలో ప్రజలు తమ వాటా కలిపి పనులు చేయించుకున్న ఊళ్లు ఉన్నాయి. 1993 డిసెంబరులో ప్రారంభమైన ఎంపీ నిధుల పథకం కింద కట్టినవి ఉన్నాయి. ఇప్పుడు ఆ పథకంలో ఒక్కొక్క ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సూచించే వీలుంది, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు వెళ్లాలి. శాసనసభ్యులు, జిల్లా పరిషత్తు, అప్పుడప్పుడు దాతలు కూడా కట్టించారు. అన్నిటిలోనూ ఒక పోలిక ఉంది: కట్టడానికి డబ్బు ఇచ్చినవారు నడపడానికి డబ్బు ఇవ్వలేదు. ఎంపీ నిధుల మార్గదర్శకాల్లో మంచి నిబంధనే ఒకటి ఉంది. పని మంజూరు చేయకముందే, ఆస్తిని తర్వాత ఎవరు నిర్వహిస్తారో ఆ సంస్థ నుంచి గట్టి హామీ తీసుకోవాలని అది చెబుతుంది. హామీ పత్రం ఫైలులో చేరుతుంది, హాలు పంచాయతీకి అప్పగించినట్టు సంతకాలు అవుతాయి, ఆ తర్వాత కరెంటు బిల్లు వచ్చేనాటికి ఎవరు కట్టాలో ఎవరికీ తెలియదు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల్లో చిట్టచివరిది ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. మన వ్యవహారంలోనూ అది చివరనే ఉండిపోయింది.

తలుపు మూతపడిన హాలుకు ఏమవుతుందో చెప్పడానికి శ్లాబు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే హాలు చావు ఎప్పుడూ పైనుంచే వస్తుంది. మా ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. హాలు పక్కన వేపమానో రావిమానో తప్పకుండా ఉంటుంది. ఎండాకాలమంతా రాలిన ఆకు పిట్టగోడ మూలల్లో మెత్తగా చేరి, వాన నీరు కిందికి దిగే గొట్టం నోటికి అడ్డుపడుతుంది. మొదటి వానకే మిద్దె మీద బెత్తెడు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు సన్నని పగుళ్లలోంచి కాంక్రీటులోకి ఇంకి లోపలి కమ్మీలను తాకుతాయి. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బుతుంది. ఉబ్బిన కమ్మీ తన కింద ఉన్న సిమెంటు పొరను బయటికి నెట్టేస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి లోపల నిలబడి తలెత్తి చూస్తే పెచ్చులు ఊడిపోయి, ఎర్రగా తుప్పుపట్టిన కమ్మీలు వరుసగా బయటపడి ఉంటాయి. అప్పుడు హాలు ప్రమాదకరమని ఒక కాగితం అంటిస్తారు. ఆ గొట్టం నోట్లోని ఆకు తీయడానికి ఒక మనిషికి అరపూట కూడా పట్టదు. సెప్టెంబరు నెలాఖరులో ఒక్కసారి మిద్దె ఎక్కి ఊడ్చి ఉంటే లక్షల ఖర్చు తప్పేది. పెచ్చులు అప్పుడప్పుడే ఊడుతున్న దశలో ఉన్న హాలును కూడా కాపాడుకోవచ్చు: వదులైన కాంక్రీటు రాల్చేసి, కమ్మీలను తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు నిరోధక పూత పూసి, గట్టి మోర్టారుతో పూడ్చి, పైన నీరు నిలవకుండా వాలు పోసి, నీరు ఇంకని పూత వేయించాలి. దూలాలకు పగుళ్లు కనిపిస్తే మాత్రం మేస్త్రీ మాట మీద ఆగకుండా పంచాయతీరాజ్ ఇంజనీరును పిలిపించి చూపించాలి.

మిగిలిన మరమ్మతులు ఇంతకంటే చిన్నవి. ఎండాకాలంలో తిరుపతి చుట్టుపక్కల 40 డిగ్రీలు దాటడం మామూలు కాబట్టి, మిద్దె మీద తెల్లసున్నం వేయడం, పడమటి వైపు రెండు కానుగ చెట్లు పెంచడం చాలా తేడా తెస్తాయి. తలుపు దగ్గర మెట్లతోపాటు ర్యాంపు ఉండాలి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది, అంతకంటే నిటారుగా పోసిన ర్యాంపు ఎవరికీ పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం మరుగుదొడ్డి. ఆడవాళ్లు హాలుకు రాకపోవడానికి కారణం ఏమిటని అడిగిన ప్రతిచోటా నాకు వినిపించిన మొదటి జవాబు ఇదే. గది కట్టి ఉంటుంది, నీటి కుళాయి ఉండదు. కుళాయి ఉంటుంది, తలుపుకు గడియ ఉండదు. గడియ లేని మరుగుదొడ్డి ఉన్న హాలులో మధ్యాహ్నమంతా సాగే సమావేశానికి ఏ తల్లీ రాదు, ఏ ఆడపిల్లా రాదు.

డబ్బు విషయంలో మనవాళ్లకు ఉన్న నిరాశ కొంతవరకు న్యాయమైనదే. చిన్న పంచాయతీకి ఇంటి పన్ను మీద వచ్చేది వీధి దీపాలకు, పారిశుద్ధ్యానికే చాలదు. అయినా ఆర్థిక సంఘం నిధుల తీరు తెలుసుకుంటే కొంత దారి కనిపిస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే ఖర్చు చేయాలని, మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని విభజించారు. అంటే ఇలాంటి విభజనలో హాలు మరుగుదొడ్డిని, నీటి కనెక్షన్‌ను ఒక పద్దులోనూ, శ్లాబు మరమ్మతును మరొక పద్దులోనూ చూపించే వీలు ఉంటుంది. అలా చూపించాలంటే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని ముందుగా ఎక్కాలి. ప్రణాళిక తయారయ్యేది గ్రామసభలో. గ్రామసభలో హాలు గురించి లేచి అడిగినవారు లేకపోతే అది ప్రణాళికలోకి రాదు. నిధులు లేవని బాధపడే ముందు, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో హాలు నమోదై ఉందో లేదో కార్యదర్శిని అడిగి చూడండి. రిజిస్టరులో లేని ఆస్తికి మరమ్మతు అంచనా వేయడం కుదరదు.

ఇక తాళం చెవి. మా జిల్లాల్లో అది సాధారణంగా సర్పంచి మనిషి దగ్గర ఉంటుంది. ఎన్నికల్లో పక్షం మారితే చెవి కొత్తవారికి రాదు, లేదా కొత్తవారు తాళమే మార్చేస్తారు. ఈలోగా హాలు లోపల ఎరువుల బస్తాలు, మామిడికాయల ప్లాస్టిక్ క్రేట్లు, ఎవరి ఇంటి పెళ్లికో తెచ్చి తిరిగి ఇవ్వని బల్లలు చేరతాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు కొన్ని ఊళ్లలో హాలునే కార్యాలయంగా వాడుకున్నారు. వేరే భవనం సిద్ధమై కార్యాలయం తరలిపోయాక హాలు మళ్లీ ఎవరిదీ కాకుండా మిగిలింది. పాకాల దగ్గర ఒక పల్లెలో పొదుపు సంఘం పెద్దావిడ నాతో అన్న మాట ఇది: "హాలుండాది నాయినా. బీగం ఏసుండారు. బీగంచెవి అడిగేదానికి ఆ ఇంటి ముందరికి పోవాల. వాళ్లకీ మాకూ మాటల్లేవు. ఇంగేం పోతాం, ఈ పంచలోనే కూచుంటా ఉండాం." ఆమె కూర్చున్న పంచ ఇరుకు, సంఘం పుస్తకాలు పరిచి లెక్క చూస్తుంటే పక్కన దూడ కట్టేసి ఉంది. హాలు అక్కడికి కనుచూపు మేరలోనే ఉంది.

అందుకే నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. హాలు ఆస్తి పంచాయతీ పేరుమీదే ఉండాలి. రోజువారీ నిర్వహణ, తాళం చెవి మాత్రం ఊరిలోని పొదుపు సంఘాలన్నీ కలిసిన మహిళా గ్రామ సంఘానికి తీర్మానం ద్వారా అప్పగించాలి. దీనికి నాకు ఉన్న కారణాలు ఆదర్శం కోసం చెప్పేవి కావు. మన పల్లెల్లో క్రమం తప్పకుండా సమావేశమయ్యే సంస్థ ఇప్పుడు ఇదొక్కటే. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, సంఘంలోపల అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను ఈ ఆడవాళ్లు ఏళ్ల తరబడి పాటిస్తున్నారు. మినిట్స్ పుస్తకంలో ఎవరు వచ్చారో, ఎంత కట్టారో, ఏం నిర్ణయించారో రాసి సంతకాలు చేయించుకోవడం వాళ్లకు అలవాటైన పని. పొదుపు సంఘాలకు బ్యాంకులు ఇచ్చే లక్షల రూపాయల లింకేజీ అప్పు లెక్క పొల్లుపోకుండా చూసుకునేవారికి హాలు అద్దె లెక్క కష్టం కాదు. పైగా ఒక గ్రామ సంఘంలో ఊరి సంఘాలు, వాడ సంఘాలు, కాలనీ సంఘాలు కలిసి ఉంటాయి కాబట్టి, చెవి ఒక వీధిలో చిక్కుకుపోయే అవకాశం తక్కువ.

దీనికి ఉన్న అభ్యంతరాలు కూడా నాకు తెలుసు. మొదటిది బలమైనది: పొలం పని, పశువుల పని, ఇంటి పని చేసి అలసిన ఆడవాళ్ల నెత్తిన ఇంకొక జీతం లేని పని పెట్టడం న్యాయమా? కాదు. అందుకని హాలు ఊడ్చి, తెరిచి, మూసే మనిషికి నెలకు ఇంత అని గౌరవ వేతనం నిర్ణయించి, అద్దె ఆదాయం నుంచి గానీ పంచాయతీ సాధారణ నిధి నుంచి గానీ ఇవ్వాలి. ఆ మాట తీర్మానంలోనే ఉండాలి. రెండవది, బహిరంగ సభ ఏది జరిగినా సంఘాల ఆడవాళ్లనే బస్సులెక్కించి తీసుకుపోవడం మనం చూస్తున్నాం. హాలు వాళ్ల చేతికి వస్తే అధికారంలో ఉన్నవారి ఒత్తిడి దాని మీదా పడుతుందని ఒక మిత్రుడు అన్నాడు. ఆ భయం నిజమే. అయితే ఒక మనిషి మీద పడే ఒత్తిడి కంటే పదిమంది సంతకాలు ఉన్న పుస్తకం మీద పడే ఒత్తిడిని తట్టుకోవడం తేలికని నేను అనుకుంటాను. మూడవ అభ్యంతరం, మగవాళ్లు ఒప్పుకోరని. ఒప్పించాలి.

ఊరి హాలును ఊరివాళ్ల కమిటీ నడపడం వేరే దేశాల్లో బాగా పాతుకుపోయిన పద్ధతి. ఇంగ్లండ్ పల్లెల్లో ఇలాంటి హాళ్లు సుమారు 10,000 ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఊరి యువకుల జ్ఞాపకార్థం కట్టుకున్నవి వాటిలో చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం ధర్మసంస్థలుగా నమోదై, జీతం లేని స్థానిక ధర్మకర్తల కమిటీల చేతుల్లో, అద్దెల మీదా విరాళాల మీదా నడుస్తున్నాయి. వారంలో ఒక పూట పసిపిల్లల ఆటలు, ఇంకొక పూట వృద్ధుల భోజనం, కొన్నిచోట్ల తపాలా కౌంటరు కూడా ఆ హాలులోనే నడుస్తుంది. ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చి అతికించమని నేను అనడం లేదు. వాళ్ల సమాజంలో లేని కులం మన కమిటీలో మొదటి రోజే కూర్చుంటుంది. హాలు రాజకీయ పక్షానిది కాకుండా కమిటీది కావడం, ఆ కమిటీ లెక్కలు బయటపెట్టడం అనే రెండు విషయాలు మాత్రం గమనించదగినవి.

కులం మాట వచ్చింది కాబట్టి హాలు స్థలం గురించి చెప్పాలి. చాలా ఊళ్లలో ఊరికి ఒక హాలు, దళితవాడకు వేరే హాలు కట్టారు. ఎస్సీ నిధుల్లో వాటాతో వాడలో భవనం రావడం న్యాయమైన విషయమే; ఆ పిల్లలకు చదువుకునే చోటు, ఆ ఇళ్ల శుభకార్యాలకు కప్పు దొరికాయి. కానీ రెండు హాళ్లు ఉన్నాయన్న సాకుతో ఊరి హాలు గడప వాడవాళ్లకు దూరమైతే అది తప్పు, నేరం కూడా. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఇలాంటి అడ్డంకులను శిక్షార్హం చేసింది. ఎవరూ నోటితో కాదనరు. తేదీ అడిగితే ఆ రోజు ఖాళీ లేదంటారు, వంటపాత్రలు అడిగితే మొన్ననే వేరే ఊరికి పోయాయంటారు. ఈ చిన్న చిన్న తిరస్కారాలకు సాక్ష్యం ఉండదు. బుకింగ్ పుస్తకం హాలు గోడకు తగిలించి, ఎవరు ముందు రాస్తే తేదీ వారిదని నిబంధన పెట్టిన రోజు ఆ సాకులు సాగవు. అండాలు, దబరలు, పళ్లేలు హాలు సొత్తుగా ఒకే జాబితాలో ఉండాలి, అందరికీ ఒకే అద్దె ఉండాలి. కొత్తగా హాలు కట్టే అవకాశం ఎవరికైనా వస్తే, ఊరికీ వాడకూ నడుమ ఉన్న ప్రభుత్వ స్థలంలో కట్టమని పట్టుబట్టండి.

తెరిచి ఉన్న హాలుకు పని వెతుక్కోవలసిన అవసరం ఉండదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ ఒక్క రోజు సంగతి పక్కన పెట్టినా, మామూలు గ్రామసభ మా వైపు చాలా ఊళ్లలో షామియానా కిందో బడి ఆవరణలోనో నడుస్తుంది. కుర్చీలు ముందు వరుసలోనే అయిపోతాయి, మిగిలినవారు ఎండలో నిలబడి కాసేపటికి వెళ్లిపోతారు. కూర్చునే చోటు ఉంటే ప్రశ్న అడిగే ఓపిక ఉంటుంది. భూముల రీసర్వే వంటి వ్యవహారాల్లో పటం గోడకు అంటించి, రైతు తన చేను హద్దు వేలితో చూపించి మాట్లాడడానికి హాలు కంటే మంచి చోటు లేదు. రక్తపోటు, చక్కెర పరీక్షలకు 104 వాహనం వచ్చిన రోజు ముసలివాళ్లు నీడన కూర్చోగలరు. తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్లే కోలాటం బృందాల సాధన రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. వీధిలో ఆడితే వచ్చేపోయే బండ్లు, హాలులో ఆడితే అడుగు అడుగుకూ చప్పుడు సరిచూసుకోవచ్చు. భారతం రోజుల్లో నాటకం కళాకారులు రంగు పూసుకోవడానికి, కిరీటాలు భుజకీర్తులు భద్రంగా పెట్టుకోవడానికి, రాత్రంతా ఆడి పగలు కాసేపు కన్ను మూయడానికి ఒక గది కావాలి. తాళం తీయని ఊళ్లో వాళ్లు బడి వరండాలో పరదా కట్టుకుని వేషం మార్చుకోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

చదువుకునే గది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందుతుంది. ఆ సంస్థలు శాఖలు లేని ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు పెట్టే పద్ధతి ఉంది. దానికి కావలసింది ఒక బీరువా, ఒక బల్ల, దీపం, బాధ్యత తీసుకునే మనిషి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇప్పుడు తిరుపతిలో నెలకు డబ్బు కట్టి చదువు గదుల్లో కూర్చుంటున్నారు. డబ్బు కట్టలేని పిల్లలు, ముఖ్యంగా బయటికి పంపని ఇళ్లలోని ఆడపిల్లలు, ఊరి హాలులో ఒక మూల దొరికితే చదువుకుంటారు.

విపత్తుల్లో హాలు అవసరం 2021 నవంబరులో అందరికీ తెలిసివచ్చింది. తిరుపతి వీధుల్లో వాహనాలు నీళ్లలో కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి పిల్లలను, ముసలివాళ్లను తీసుకుని కట్టుబట్టలతో బయలుదేరినవారికి కావలసింది ఎత్తైన చోట కురవని కప్పు, వెలిగే దీపం, పనిచేసే మరుగుదొడ్డి. చిన్న వానకే శ్లాబు కారే హాలు అంత వానలో ఎవరినీ కాపాడదు. చెవి కోసం మనిషిని పంపే వ్యవధి కూడా ఆ రాత్రి ఉండదు. గట్టి హాలు ఉన్న ఊళ్లలో ఒక సోలార్ దీపం, రెండు పెద్ద నీటి డ్రమ్ములు, తాడు, కొన్ని దుప్పట్లు అక్టోబరు నాటికి సిద్ధంగా పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

అద్దె పెట్టాలా వద్దా అన్నది ప్రతి ఊళ్లో తగవు తెచ్చే ప్రశ్న. ఉచితమంటే ఎవరూ ఊడ్చరు, ఎక్కువంటే పేదవాళ్లు రారు. సంఘాల సమావేశాలు, గ్రామసభ, వైద్య శిబిరం, పిల్లల చదువు, ఉత్తరక్రియలు ఉచితంగా ఉంచి, పెళ్లి, సీమంతం, చెవులు కుట్టడం వంటి వేడుకలకు ఊరి ఇళ్లన్నిటికీ ఒకే రేటు పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. పట్నంలో కల్యాణ మండపానికి అయ్యే ఖర్చులో చిన్న భాగం పెట్టినా హాలు కరెంటు బిల్లు, సున్నం ఖర్చు వస్తాయి. అడ్వాన్సు తీసుకుని, శుభ్రం చేసి అప్పగించాకే తిరిగి ఇవ్వాలి. మద్యం, పేకాట వద్దని తీర్మానంలో రాసి, తప్పినవారి అడ్వాన్సు జమ చేసుకోవాలి. ప్రతి నెలా జమాఖర్చులు ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించాలి. ఇంతకు మించిన పరిపాలన అక్కర్లేదు.

బెంగళూరులో, చెన్నైలో, ఇంకా దూరదేశాల్లో స్థిరపడిన మా ప్రాంతం వాళ్లు ఊరికి ఏదైనా చేయాలని తరచూ అడుగుతుంటారు. వారి డబ్బుతో ఊరి మొదట్లో స్వాగత తోరణాలు లేస్తున్నాయి. కాణిపాకంలో వినాయకస్వామి బ్రహ్మోత్సవాలకు చుట్టుపక్కల గ్రామాల ఉభయదారులు ఒక్కొక్క సేవను తమ వంతుగా తరతరాలుగా నిర్వహించడం మనమందరం చూస్తున్నదే. హాలుకు కూడా ఉభయాలు పెట్టుకుందామని నేను మా ఊరి సంఘంతో అన్నాను. వాళ్లు ఆ మాటను నేను ఊహించినదానికంటే లోతుగా పట్టుకున్నారు. సంక్రాంతికి ముందు సున్నం ఒక కుటుంబానిది, సెప్టెంబరు నెలాఖరులో మిద్దె శుభ్రం కుర్రవాళ్లది, రెండు నెలల కరెంటు బిల్లు బెంగళూరులో ఉన్న అన్నదమ్ములది, పిల్లల వార్తాపత్రిక ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిది, పండగ రోజుల్లో కడగడం నాలుగు వీధుల ఆడవాళ్లది అని ఒక పుస్తకంలో పేర్లు రాసుకున్నారు. దాత పేరు గోడ మీద చెక్కించకూడదని, ఆ పుస్తకంలో మాత్రమే ఉండాలని కూడా వాళ్లే తీర్మానించారు. ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామన్నవారి డబ్బును ఖర్చు చేయకుండా సంఘం, పంచాయతీ ఉమ్మడి ఖాతాలో డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడాలన్నది నా సూచన; దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. ప్రతిరోజూ తెరిచి మూసే ఆమెకు నెలకు ఎంత ఇవ్వాలన్నది కూడా తేలలేదు. పంచాయతీ సగం, సంఘం సగం భరించాలని సంఘం అడుగుతోంది, పంచాయతీ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే గ్రామసభ అజెండాలో దాన్ని చేర్చమని కార్యదర్శికి అర్జీ ఇచ్చాము.